దొరకని బంతి, ముందే చెప్పిన మాట



గోల్ఫ్ ఆటలోని ఒకే ఒక్క నియమం గురించి ఈ రోజు మీతో మాట్లాడాలని వచ్చాను. ఆ ఆట ఎన్నడూ చూడనివాళ్ళు కూడా కాసేపు వినండి. కొట్టిన బంతి కనపడకుండా పోతే ఏం చేయాలి, కనపడదేమోనని అనుమానం వచ్చిన క్షణంలోనే ఏం చేసి పెట్టుకోవాలి, ఇంతే సంగతి. నియమావళిలో ఇది 18వ నియమం. క్లబ్బుల్లో దీనిమీద జరిగినంత వాదన ఇంకే నియమం మీదా జరగదని నా నమ్మకం. నియమాన్ని కంఠస్థం చేసినవాళ్ళు ఉన్నారు గానీ దాని ఉద్దేశాన్ని విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. నాకు అర్థమైనంతలో ఆ ఉద్దేశం ఇది: ఫలితం తెలిశాక, తనకు లాభమైనదాన్ని ఏరుకునే వీలు ఏ ఆటగాడికీ ఉండకూడదు. నియమంలోని ప్రతి షరతునూ ఈ మాట పక్కన పెట్టి చూడండి, ఎందుకు పెట్టారో తెలిసిపోతుంది.

ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క నిమిషం. వందెకరాలు దాటిన పచ్చిక మైదానంలో పద్ధెనిమిది గుంటలుంటాయి. ఒక్కో గుంటకు ఒక మొదలు, దాన్ని టీ అంటారు. అక్కడి నుంచి బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి గుంటలో వేయాలి. ఎన్ని దెబ్బల్లో వేశామన్నదే లెక్క, తక్కువ కొట్టినవాడు గెలిచినట్టు. బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములు దాటకూడదు. అంటే నిమ్మకాయంత వస్తువు. దాన్ని రెండువందల గజాల అవతలికి, చెట్లూ పొదలూ మోకాలెత్తు గడ్డీ ఉన్న చోటికి పంపిస్తాం. పోగొట్టుకోవడం ఈ ఆటలో వింతేమీ కాదు.

ఇంకొకటి. మామూలు పోటీల్లో మన వెంట అంపైర్ ఎవరూ నడవరు. మన దెబ్బలు మనమే లెక్కపెట్టుకుంటాం, మన తప్పులకు శిక్ష మనమే వేసుకుంటాం. తోటి ఆటగాడు కార్డు మీద అంకె రాస్తాడు, అంతే. పొదల్లోకి బంతి వెతకడానికి వెళ్ళిన మనిషి అక్కడ ఏం చేశాడో అతనికే తెలుసు. అలాంటి చోట నియమం గట్టిగా ఉండక తప్పదు.

ఈ నియమం వయసు చాలా పెద్దది. గోల్ఫ్‌కు మనకు తెలిసిన తొలి లిఖిత నియమాలు 1744లో స్కాట్లండ్‌లో, ఎడిన్‌బరో పక్కనున్న లీత్ మైదానం కోసం రాసినవి. నగర పాలకులు ఒక వెండి కర్రను బహుమతిగా ఇస్తామంటే, పోటీకి నియమాలు కావాలి కదా అని ఆటగాళ్ళు కూర్చుని పదమూడు సూత్రాలు రాసుకున్నారు. ఆ పదమూడింటిలో ఒకటి పోయిన బంతి గురించి. ఎవరైనా ఎత్తుకుపోయినా, మరే విధంగా పోయినా, చివరిసారి కొట్టిన చోటికి వెనక్కి వెళ్ళి ఇంకో బంతి వేయాలి, జరిగిన దురదృష్టానికి ఎదుటివాడికి ఒక దెబ్బ ఇచ్చుకోవాలి అని దాని సారాంశం. ఆ ఏడు పోటీ గెలిచినవాడు జాన్ రాట్రే అనే శస్త్రవైద్యుడు. ఆ నియమాల కింద సంతకం కూడా ఆయనదే. ఆ తర్వాత ఆయన, బ్రిటన్ రాజు మీద చార్లెస్ యువరాజు నడిపిన తిరుగుబాటు సైన్యంలో వైద్యుడిగా చేరి, 1746లో కల్లోడెన్ యుద్ధం తర్వాత పట్టుబడ్డాడు. ఉరికొయ్య దాకా పోవలసిన మనిషిని కాపాడినవాడు డంకన్ ఫోర్బ్స్ అనే న్యాయాధిపతి, లీత్ మైదానంలో ఆయనతో కలిసి ఆడిన మనిషే. ఈ కథ మన విషయానికి కాస్త పక్కదే. అయినా నియమం రాసిన చేతుల గురించి తెలుసుకోవడం నాకు ఇష్టం.

నియమంలో ఒక భాగం తర్వాత మారింది. ఎవరైనా బంతిని ఎత్తుకుపోయారని ఖాయంగా తెలిస్తే ఇప్పుడు శిక్ష లేదు, అది ఉన్న చోట ఇంకో బంతి పెట్టుకుని ఆడవచ్చు. మన మైదానాల్లో కాకి ముక్కున కరుచుకుని పోయినా, కుక్క నోట పట్టుకుని పరిగెత్తినా ఇదే వర్తిస్తుంది. కానీ కళ్ళతో చూసి ఉండాలి, లేదా వేరే అవకాశమే లేదన్నంత ఖాయంగా తెలియాలి. నియమావళి దీనికి కొలత కూడా చెప్పింది, కనీసం 95 శాతం. కాకి ఎత్తుకుపోయి ఉంటుందిలే అన్న ఊహ చాలదు.

మిగతా భాగం మధ్యలో కొన్నిసార్లు మారినా, నేటి నియమం కూడా అదే. వెనక్కి వెళ్ళు, ఒక దెబ్బ కలుపుకో. దీన్నే ఇప్పుడు స్ట్రోక్ అండ్ డిస్టెన్స్ అంటున్నాం. దెబ్బా పోతుంది, దూరమూ పోతుంది. లెక్క ఇలా ఉంటుంది. టీ మీద నుంచి కొట్టింది ఒకటో దెబ్బ, శిక్ష రెండోది, మళ్ళీ అదే టీ మీద నుంచి కొట్టేది మూడోది. మూడు దెబ్బల లెక్క పడిపోయింది, మనం ఇంకా మొదలుపెట్టిన చోటే నిలబడి ఉన్నాం. బంతి హద్దు దాటిపోయినా ఇదే శిక్ష. తెల్ల కొయ్యలు పాతి ఉంటాయి, వాటి అవతలిది ఔట్ ఆఫ్ బౌండ్స్, ఆటగాళ్ళ నోట ఓబీ. బంతి మొత్తంగా అవతల ఉంటేనే ఓబీ, అంచు ఇవతలికి తగిలి ఉన్నా ఆడుకోవచ్చు.

ఇది అన్యాయమనేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ వాదన తీసిపారేయదగ్గది కాదు. చెరువులో పడ్డ బంతికి ఒక్క దెబ్బ శిక్ష వేసుకుని ఆ గట్టు దగ్గరే ఇంకోటి వేసుకోవచ్చు కదా, ఇంతకంటే మంచి దెబ్బ కొట్టి గడ్డిలో పోగొట్టుకున్నవాడు ఎందుకు వెనక్కి నడవాలి అని అడుగుతారు. నా సమాధానం ఇది. చెరువులోకి వెళ్ళిన బంతి ఎక్కడ గట్టు దాటిందో మనకు తెలుసు, అక్కడి నుంచి కథ కొనసాగించవచ్చు. గడ్డిలో పోయిన బంతి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే అది పోయినట్టే కాదు. అక్కడెక్కడో ఉంటుందిలే అని ఆటగాడు వేలు చూపించిన చోటి నుంచి ఆడనిస్తే, ఆ వేలు ప్రతిసారీ కాస్త ముందుకే చూపిస్తుంది. అందుకే, మనకు నిస్సందేహంగా తెలిసిన చివరి చోటికి నియమం మనల్ని పంపిస్తుంది. అది చివరిసారి కొట్టిన చోటు.

ఇక వెతుకులాట. 2018 దాకా ఐదు నిమిషాల గడువు ఉండేది. 2019 జనవరి 1 నుంచి మూడు నిమిషాలే. ఆటగాడు గానీ అతని క్యాడీ, అంటే కర్రల బ్యాగు మోసే సహాయకుడు గానీ వెతకడం మొదలుపెట్టిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది. వెనక వచ్చే జట్టుకు దారి ఇవ్వడానికో, మరో తగిన కారణానికో మధ్యలో ఆపితే ఆ సమయం లెక్కలోకి రాదు. బంతి కనపడింది గానీ మనదో కాదో తెలియడం లేదంటే, గుర్తుపట్టడానికి కొంత సమయం ఇస్తారు, అది మూడు నిమిషాలు దాటినా పరవాలేదు. కనపడటం మాత్రం మూడు నిమిషాల్లోపే జరగాలి. నాలుగో నిమిషంలో దొరికిన బంతి మనదే అయినా అప్పటికి మనది కాదు. దాన్ని కొడితే తప్పుడు బంతి ఆడినట్టు. దెబ్బల లెక్కన సాగే పోటీలో రెండు దెబ్బల శిక్ష, ఇద్దరి మధ్య గుంట గుంటకీ సాగే పోటీలో ఆ గుంటే పోతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పోయిందని ప్రకటిస్తే బంతి పోదు. దాన్ని వదిలేశాను, నాకక్కర్లేదు అని ఎంత గట్టిగా అన్నా ఆ మాటకు విలువ లేదు. మూడు నిమిషాలు గడవాలి, లేదా నియమం ప్రకారం వేరే బంతి ఆటలోకి రావాలి. నచ్చని చోట పడ్డ బంతిని నోటిమాటతో మాయం చేసుకునే వీలు లేకుండా చేసిన ఏర్పాటు ఇది.

ఇంతదాకా శిక్ష గురించి చెప్పాను. ఆ శిక్షలోనే ఆటగాడికి ఇచ్చిన వెసులుబాటు ప్రొవిజనల్ బాల్.

టీ నుంచి 250 గజాల దూరం నడిచి వెళ్ళి, మూడు నిమిషాలు వెతికి, దొరక్కపోతే మళ్ళీ టీ దగ్గరికి నడిచి రావాలి. ఒక్క వైపు నడకే దాదాపు మూడు నిమిషాలు. ఈలోగా వెనకాల ఇంకో నలుగురు టీ మీదికి వచ్చి నిలబడి ఉంటారు, వాళ్ళ వెనక మరో నలుగురు. ఆదివారం ఉదయం ఏ కోర్సుకైనా వెళ్ళి చూడండి, మనం మూడో గుంట దగ్గర పోగొట్టిన పది నిమిషాలు పదిహేడో గుంట దాకా అందరి మీదా పడుతూనే ఉంటాయి. అందుకని, బంతి పోయిందేమో, హద్దు దాటిందేమో అని అనుమానం రాగానే, నడక మొదలుపెట్టకముందే అక్కడి నుంచే ఇంకో బంతి కొట్టి పెట్టుకోవచ్చు. కుళాయి రాదేమోనని ముందు రోజు రాత్రే నింపి పెట్టుకున్న బిందె లాంటిదది. తెల్లారి కుళాయి వస్తే బిందెతో పని లేదు, రాకపోతే అదే ఆదుకుంటుంది.

అయితే దీనికి ఒక షరతు ఉంది, అదే అన్నిటికంటే ముఖ్యం. కొట్టే ముందు చెప్పాలి. పక్కనున్నవాళ్ళకు వినపడేలా చెప్పాలి. ప్రొవిజనల్ అన్న మాట వాడాలి, లేదా ఆ నియమం కిందే ఆడుతున్నానని అనుమానానికి తావు లేకుండా తెలియజేయాలి. ఊరికే మళ్ళీ కొడుతున్నా, ఇంకోటి వేస్తున్నా అంటే చాలదు. అంతా చూస్తూనే ఉన్నారు కదా, వేరే ఉద్దేశం ఏముంటుంది అంటే అదీ కుదరదు. చెప్పకుండా కొడితే ఆ రెండో బంతే ఆటలోకి వచ్చేస్తుంది, మూడో దెబ్బగా. మొదటి బంతి అందంగా గడ్డి మధ్యలో కూర్చుని ఉన్నా దానికి ఆటతో సంబంధం తెగిపోతుంది.

ఒక్క మాట మర్చిపోయినందుకు ఇంత శిక్షా అని కొత్తవాళ్ళు బాధపడతారు. ఆ మాట లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. రెండో బంతి చక్కగా పడితే, నేను మొదటిది వదిలేసి దీన్నే ఆడాలనుకున్నాను అనవచ్చు. చెడ్డగా పడితే, అది ప్రొవిజనల్ మాత్రమే అనవచ్చు. రెండు దారులూ తెరిచి పెట్టుకుని, ముందుకు నడిచి చూసి, లాభమైనది ఎంచుకోవచ్చు. బంతి గాల్లోకి లేవకముందే మాట బయటపడాలని నియమం పట్టుబట్టేది అందుకే. మనసులో అనుకున్నది ఎవరికీ వినపడదు. అంపైర్ లేని ఆటలో వినపడిన మాటే సాక్ష్యం.

వరస విషయం కూడా చెప్పాలి. టీ మీద మన జట్టులో మిగతావాళ్ళు తమ మొదటి దెబ్బలు కొట్టాకే మనం ప్రొవిజనల్ కొట్టాలి. ఇంకొకటి, బంతి పొదలో ఇరుక్కుని ఉంటుందేమో, కొట్టడానికి వీలుండదేమో అన్న భయంతో ప్రొవిజనల్ ఆడకూడదు. పోయి ఉండవచ్చు, లేదా హద్దు దాటి ఉండవచ్చు అన్న అనుమానం ఉండాలి. ఎర్ర కొయ్యలో పసుపు కొయ్యలో పాతిన పెనాల్టీ ఏరియాలోకే, అంటే చెరువు, వాగు లాంటి చోటికే వెళ్ళిందని ఖాయంగా తెలిస్తే అప్పుడూ ప్రొవిజనల్ లేదు. కొడితే అదే ఆట బంతి అయిపోతుంది.

సరే, చెప్పాం, కొట్టాం, ముందుకు నడిచాం. ఇప్పుడు రెండు బంతులున్నాయి. మొదటిది ఉండవచ్చని అనుకున్న చోటికి చేరేదాకా ప్రొవిజనల్‌ను ఎన్నిసార్లైనా కొట్టుకుంటూ పోవచ్చు. మొదటి బంతి హద్దులోపల దొరికిందా, ప్రొవిజనల్‌ను వదిలేయాలి. వదిలేయవచ్చు అని కాదు, వదిలి తీరాలి. దానితో కొట్టిన దెబ్బలేవీ లెక్కలోకి రావు. దొరికిన బంతి ముళ్ళపొద అడుగున ఉంటే? అయినా అదే మన బంతి. ఆడలేనంటే ఒక దెబ్బ శిక్షతో బయట వేసుకోవచ్చు, లేదా మళ్ళీ టీ దాకా వెనక్కి వెళ్ళవచ్చు. అంత చక్కగా ఫెయిర్‌వే, అంటే పొట్టిగా కత్తిరించిన పచ్చిక నడిమధ్యలో పడి ఉన్న ప్రొవిజనల్ మాత్రం మనకు పనికిరాదు. దాని ప్రాణం మొదటి బంతి పోవడం మీదే ఆధారపడి ఉంది.

ఇక్కడే మనిషి మనసు పరీక్షకు వస్తుంది. మొదటి బంతి దట్టమైన పొదల్లోకి వెళ్ళింది, ప్రొవిజనల్ గుంట పక్కనే పడింది. ఆటగాడికి మొదటిది దొరకకుండా ఉంటేనే మేలు. అతను వెతకనక్కర్లేదు. వెతకవద్దని తోటివాళ్ళను కోరవచ్చు కూడా, అది తప్పు కాదు. కానీ ఎదుటి ఆటగాడికి వెతికే హక్కుంది. అతను మూడు నిమిషాల్లోపు కనిపెట్టి, ఇదిగో ఇక్కడొక బంతి ఉంది అంటే, వెళ్ళి చూడాలి. తనది అవునో కాదో తేల్చకుండా మొహం తిప్పుకుని పోవడం ఆట మర్యాదకు విరుద్ధమని నియమావళి వ్యాఖ్యలే చెబుతున్నాయి. ఆటగాడికి మిగిలిన దారి ఒకటే. మొదటి బంతి ఉండవచ్చని అనుకున్న చోటికంటే గుంటకు దగ్గరగా ఉన్న చోటి నుంచి ప్రొవిజనల్‌ను కొట్టేస్తే, ఆ క్షణాన అదే ఆట బంతి అవుతుంది, మొదటిది పోయినట్టే. ఆ తర్వాత ఎవరు కనిపెట్టినా ప్రయోజనం లేదు. కొట్టకముందు కనిపెడితే మాత్రం మొదటిదే ఆట బంతి.

మూడు దెబ్బల గుంట దగ్గర దీనికి ఒక విచిత్రమైన రూపం ఉంది. మొదటి బంతి పొదల్లోకి పోయింది. ప్రొవిజనల్ అని చెప్పి కొట్టిన బంతి నేరుగా వెళ్ళి గుంటలో పడింది. మొదటిది దొరక్కపోతే అతని లెక్క మూడు, అంటే ఆ గుంటకు నిర్ణయించిన లెక్క సరిగ్గా వచ్చినట్టే. అతను గుంట దగ్గరికి వెళ్ళి ఆ బంతిని బయటికి తీసిన క్షణాన ఆట అక్కడితో ముగిసింది. అంతకుముందే ఎదుటివాడు పొదలో మొదటి బంతిని కనిపెడితే, గుంటలో పడిన ఆ అద్భుతమైన దెబ్బకు విలువేమీ లేదు, పొదలోంచే ఆడాలి. ఒకరు గుంట వైపు, ఒకరు పొద వైపు నడవడం చూసినవాళ్ళకు ఇదేదో పోట్లాటలా కనపడుతుంది. నాకు మాత్రం ఇందులో న్యాయమే కనపడుతుంది. ఇద్దరికీ నియమం తెలుసు, ఇద్దరూ తమ హక్కు తాము వాడుకుంటున్నారు, ఎవరూ ఏదీ దాచడం లేదు.

బంతిమీద గుర్తు పెట్టుకోవడం చిన్న విషయంలా కనపడుతుంది. ఒకే కంపెనీ, ఒకే అంకె ఉన్న రెండు బంతులు ఒకే గడ్డిలోకి పోయాయనుకోండి. రెండూ దొరికాయి, ఏది మొదటిదో ఏది ప్రొవిజనలో తెలియదు. అప్పుడు ఆటగాడు ఒకదాన్ని ఎంచుకుని ప్రొవిజనల్‌గానే ఆడాలి. అంటే రెండూ కళ్ళెదుట ఉన్నా, ఒకటి పోయినట్టే శిక్ష. ప్రొవిజనల్‌కు వేరే అంకె ఉన్న బంతి తీసుకుని, ఆ అంకెను తోటివాళ్ళకు చెప్పి, పెన్నుతో ఒక చుక్క పెట్టుకుంటే చాలు.

పెద్ద ఆటగాళ్ళకు కూడా ఈ నియమం మినహాయింపు ఇవ్వదు. 2003 బ్రిటిష్ ఓపెన్, ఇంగ్లండ్‌లోని రాయల్ సెయింట్ జార్జెస్ మైదానం. టైగర్ వుడ్స్ మొదటి రోజు, మొదటి గుంట, మొదటి దెబ్బ. బంతి కుడివైపు గడ్డిలోకి వెళ్ళింది. అంతమంది ప్రేక్షకులు, అంతమంది కార్యకర్తలు కలిసి వెతికినా దొరకలేదు. ఆయన టీ దగ్గరికి తిరిగి వెళ్ళి మళ్ళీ కొట్టాడు. నాలుగు దెబ్బల గుంటకు ఏడు పడ్డాయి. నాలుగో రోజున బెన్ కర్టిస్ గెలిచినప్పుడు, వుడ్స్ రెండే రెండు దెబ్బలు వెనకబడి ఉన్నాడు. ఆ గడ్డిలో బంతి దొరికి ఉంటే ఏమయ్యేదని ఎవరైనా అడగవచ్చు, నియమం మాత్రం ఆ ప్రశ్న వినదు.

2019లో ఉత్తర ఐర్లండ్‌లోని రాయల్ పోర్ట్‌రష్‌లో అదే టోర్నమెంటు. రోరీ మెకిల్‌రాయ్ ఆ ప్రాంతం బిడ్డ, ఊరంతా ఆయన కోసం వచ్చింది. మొదటి గుంట మొదటి దెబ్బ ఎడమవైపు హద్దు దాటింది. మూడో దెబ్బ మళ్ళీ టీ మీద నుంచే. ఆ గుంట ఎనిమిది దెబ్బలతో ముగిసింది. ఆ రోజు 79, మరునాడు ప్రాణం పెట్టి ఆడి 65. అయినా చివరి రెండు రోజులు ఆడే అర్హత ఒకే ఒక్క దెబ్బ తేడాతో పోయింది. దెబ్బా దూరమూ రెండూ పోవడమంటే ఏమిటో ఆ ఎనిమిదీ, ఈ ఒక్క దెబ్బా చెబుతాయి.

ఇంకోవైపు 1998, రాయల్ బర్క్‌డేల్. మూడో రౌండులో మార్క్ ఒమెరా బంతి పొదల్లో కనపడలేదు. ఆయన వెనక్కి నడవడం మొదలుపెట్టాక, ఒక ప్రేక్షకుడు దాన్ని ఎత్తాడని బయటపడింది. గడువు లోపల దొరికిందా లేదా, గుర్తుపట్టడం ఎప్పుడు జరిగింది అని అధికారులు విచారించి, చివరకు ఆ బంతి పోలేదని తేల్చారు. ఆ ఏడు ఒమెరా ప్లేఆఫ్‌లో బ్రయన్ వాట్స్‌ను ఓడించి గెలిచాడు. కొన్ని క్షణాలు ఇటైతే ఒక దారి, అటైతే ఇంకో దారి. గడియారాన్ని అంత కచ్చితంగా చూడాలనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

2019లో నియమాలు మార్చినప్పుడు, ఆట నియమాలను నిర్ణయించే ఆర్ అండ్ ఎ, యుఎస్‌జిఎ సంస్థలు క్లబ్బులకు ఒక స్థానిక నియమం కూడా అందుబాటులో పెట్టాయి. ప్రొవిజనల్ కొట్టకుండా ముందుకు వచ్చేసి, బంతి పోయిందని తేలితే, టీ దాకా వెనక్కి పోకుండా రెండు దెబ్బల శిక్షతో, గుంటకు దగ్గర కాకుండా, ఆ దగ్గరలో ఫెయిర్‌వే అంచున ఇంకో బంతి వేసుకోవచ్చు. టీ మీది దెబ్బకైతే తర్వాత కొట్టేది నాలుగోది అవుతుంది. క్లబ్బు కమిటీ ముందుగా ప్రకటించి ఉంటేనే ఇది చెల్లుతుంది. ప్రొవిజనల్ కొట్టి అది హద్దులోపల దొరికితే ఈ దారి మూసుకుపోతుంది. రెండిట్లో మంచిది ఏరుకునే అవకాశం ఇక్కడా లేదు, గమనించండి. పెద్ద పోటీలకు ఇది తగదని ఆ సంస్థలే చెప్పాయి. నా అభిప్రాయం కూడా అదే. ఆదివారం స్నేహితుల ఆటకు, సభ్యుల సరదా పోటీలకు దీన్ని పెట్టడం మంచి పని, వెనకవాళ్ళ సమయం మిగులుతుంది. ఒక విజేతను తేల్చే పోటీలో మాత్రం పాత నియమమే ఉండాలి. బంతి ఎక్కడ పోయిందో అంచనా వేసే పని అక్కడ ఆటగాడి చేతిలో పెట్టకూడదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన, నయా ఖిల్లా బురుజుల నడుమ ఆడతారు. గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్‌లో పెద్ద పెద్ద బండరాళ్ళ మధ్య ఆడతారు. బండకు తగిలిన బంతి ఎటు ఎగురుతుందో కొట్టినవాడికి కూడా తెలియదు. విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ క్లబ్బు ఉంది. వానాకాలం గడ్డి ఎదిగాక ఈ మైదానాల్లో ఎక్కడైనా మూడు నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగాలు చేస్తూ ఈ ఆట మొదలుపెట్టిన మన పిల్లలకూ ఇదే నియమం, ప్రపంచమంతా ఒకటే పుస్తకం.

మన దేశపు ఆటలో ఇంకో ప్రత్యేకత ఉంది. బంతి ఎక్కడ పడుతుందో చూడటానికి ముందుకు పంపే మనిషిని మన దేశంలో ఆగేవాలా అని పిలవడం పాత అలవాటు. క్యాడీలంటే మనకు బ్యాగులు మోసేవాళ్ళే కాదు, చాలామంది ఆటగాళ్ళకు తొలి గురువులు వాళ్ళే. ముందే చెప్పాను, క్యాడీ వెతకడం మొదలుపెట్టినా గడియారం నడుస్తుంది. ఆటగాడు ఇంకా వంద గజాల వెనక ఉండగానే, మంచి మనసుతో పరిగెత్తి వెళ్ళి గడ్డిని తొక్కుతున్న కుర్రవాడు తన యజమాని నిమిషాలనే ఖర్చు చేస్తున్నాడు. నేను వచ్చేదాకా ఆగు అని ఆటగాడు చెప్పవచ్చు, నియమం దానికి ఒప్పుకుంటుంది. కానీ ఇద్దరిలో ఒకరికైనా ఆ సంగతి తెలిసి ఉండాలి కదా.

కాబట్టి క్లబ్బుల కార్యదర్శులకూ కెప్టెన్లకూ నాదొక విన్నపం. ఈ ఒక్క నియమాన్ని ఒక పేజీలో, తేలిక తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించి, క్యాడీలు కూర్చునే షెడ్డులో గోడకు అంటించండి. మీ స్థానిక నియమం అమల్లో ఉందో లేదో మొదటి టీ దగ్గర బోర్డు మీద రాయించండి. వానలు మొదలవ్వకముందే ఒక ఉదయం క్యాడీలనూ కొత్త సభ్యులనూ కలిపి మైదానంలోకి తీసుకెళ్ళి, బంతి పోగొట్టి చూపించండి, ప్రొవిజనల్ అని పైకి చెప్పించి కొట్టించండి, గడియారం పట్టి వెతికించండి. ఒక్క పూట పని ఇది, ఖర్చు లేనిది. ఈ సీజన్‌లోనే చేయండి.